బాతుకు చీమిడి: నీళ్ల తొట్టి మేలా, మందు పొడి మేలా, డాక్టరు మేలా?

బెజవాడలో పెరట్లోనో డాబా మీదో నాలుగు బాతులు పెంచుకునేవారికి వానాకాలంలో తరచూ ఎదురయ్యే సమస్య ఇది. బాతు తుమ్ముతుంది, ముక్కు రంధ్రాల దగ్గర బుడగలు వస్తాయి. వెంటనే పశువుల మందుల షాపుకు పరుగెత్తుతాం.

అసలు అది జబ్బేనా అన్నది ముందు చూడాలి. ఎదిగిన మగబాతు గొంతు సహజంగానే బొంగురు. రోహిణి కార్తె ఎండల్లో నోరు తెరిచి రొప్పడం కూడా రోగం కాదు; నీడలోకి చేర్చినా తగ్గకపోతేనే అనుమానించాలి. ఇల్లు ఎగిరిపోయేలా అరిచే ఆడబాతు గొంతు పోతే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

మేత తింటూ చలాకీగా తిరుగుతూ కాస్త చీమిడి మాత్రమే ఉంటే నా ఓటు తొట్టికే. బాతు తల మొత్తం ముంచి ముక్కు రంధ్రాలు, కళ్లు కడుక్కుంటుంది. కోళ్లకు పెట్టే లోతులేని మూకుడులో ఆ పని కుదరదు. మేత ముద్దకట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. తల మునిగే లోతున్న టబ్బు పెట్టి రోజూ నీళ్లు మార్చండి. తడిసిన వరిగడ్డి తీసేయండి. దానికి పట్టే బూజు ఊపిరితిత్తుల్లో చేరితే ఏ యాంటీబయాటిక్ పనిచేయదు. రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు శ్వాసనాళాన్ని ఒరుస్తుంది. జండూబామ్ ఆవిరి, దోమల చుట్ట పొగ దగ్గరికి రానివ్వద్దు.

మందు పొడి చవకే, కానీ నాకు నచ్చదు. నీళ్లలో కలిపితే బాతు సగం చిమ్మేస్తుంది. జబ్బుపడినది అసలే తక్కువ తాగుతుంది. ఏ బాతుకు ఎంత మందు అందిందో తెలియదు. పైగా మందు గుడ్లలోకి దిగుతుంది, ఎన్నాళ్లు తినకూడదో షాపులో చెప్పరు. నోట్లో బలవంతంగా పోయడం ఇంకా ప్రమాదం: శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుంటుంది.

కంటి కింద బుగ్గ ఉబ్బినా, తోక ఊపుతూ ఊపిరి లాగుతున్నా, మేత మానినా తొట్టితో కాలయాపన వద్దు. ఆ వాపు తరచూ మైకోప్లాస్మా అనే బాక్టీరియా వల్ల సైనస్‌లో (కంటి కింద ఉండే గాలి గదిలో) చీము గడ్డకట్టడం. బాతును తూచి, బరువును బట్టి మందు ఇవ్వగలిగేది డాక్టరే. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. తీసుకెళ్లేటప్పుడు ఛాతీ నొక్కి పట్టుకోకండి. పక్షులకు మనకున్నట్టు ఊపిరి ఆడించే ఉదరవితానం (ఛాతీకీ పొట్టకీ మధ్య కండరం, డయాఫ్రమ్) లేదు, రొమ్ము కదలకపోతే ఊపిరి ఆడదు.

ఉన్నట్టుండి రెండు మూడు చనిపోతే మాత్రం ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. 2025 ఫిబ్రవరిలో గంపలగూడెం మండలంలో కోళ్లలో బర్డ్ ఫ్లూ బయటపడింది. బాతులు పైకి కనిపించకుండానే ఆ వైరస్‌ను మోయగలవు. చచ్చినవాటిని ఉత్త చేతులతో తాకకుండా, కాలువలో పారేయకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి.