కుక్కలున్న ఇంటికి కడియపులంక మొక్కలు

ఇంట్లో రెండు కుక్కలున్నాయని చెప్పగానే, కడియపులంకలోని ఆ చిన్న నర్సరీ యజమాని మేము ఎంచుకున్న గన్నేరు మొక్కను పక్కన పెట్టి, ఆకు మొదలు వేరు వరకు అది కుక్కలకు విషమేనని వివరించి, బదులుగా మందారం, మల్లె, గులాబీ అంట్లు ఇచ్చారు. అంతకన్నా విలువైనది ఎరువు గురించి ఆయన చేసిన హెచ్చరిక: ఆముదపు పిండి వేస్తే కుక్కలు ఆ వాసనకు మట్టి తవ్వి తింటాయని, అందులోని రైసిన్ అనే విషం ప్రాణం తీయగలదని చెప్పి, బాగా మాగిన పశువుల ఎరువే వాడమన్నారు. ఇప్పుడు మా చిన్న కుక్క కుండీ అంచుకు గడ్డం ఆనించి, రాలిన మందార రేకలు నములుతూ పడుకున్నా నాకు బెంగ లేదు. ధర కాస్త ఎక్కువైనా ఈ శ్రద్ధకు అది తగినదే. వేళ్ల చుట్టూ ఉన్న మట్టిగడ్డ దారిలో విరిగిపోవడంతో ఒక గులాబీ అంటు ఎండిపోయింది కనుక, ప్యాకింగ్ మాత్రం మెరుగుపరచాలి.