కిరాయిదారుకు భారత్ గృహ రక్ష: మహబూబ్‌నగర్ నుంచి ఒక సమీక్ష

ఓనరు తన ఇంటికి చేయించిన బీమా గోడలకు, కప్పుకు వర్తిస్తుందే తప్ప, లోపల కిరాయికి ఉన్నవారి ఫ్రిజ్‌కు, బీరువాకు, మంచాలకు ఒక్క పైసా ఇవ్వదు. ఆ సామాను వరకు మనమే మన పేరున తీసుకోగలిగిన పాలసీ భారత్ గృహ రక్ష. బీమా కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది అమలులో ఉంది. మూల నిబంధనలు అన్ని కంపెనీలలోనూ ఒకటే కాబట్టి పోల్చుకోవలసింది ప్రీమియం, అదనపు కవర్లు (విడిగా జోడించుకునే రక్షణలు), సేవ మాత్రమే.

మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో కిరాయికి ఉంటూ నేను దీన్ని తీసుకున్నాను. ప్రీమియం కంటే పాలసీ చేయించుకోవడమే ఎక్కువ కష్టమైంది. హౌసింగ్ లోన్‌తో పాటు ఇంటి బీమా అంటగట్టడానికి అలవాటుపడిన ఏజెంటు, "ఇల్లు మీది కాదు కదా సార్, మీకు రాదు" అని తేల్చేశాడు. కట్టడం విలువ రాయవలసిన గడిని ఖాళీగా వదిలి, "ఇంట్లోని సామానుకు మాత్రమే" అని పట్టుబట్టి అడిగితే పని జరిగింది. ఏడాదికి కట్టింది వెయ్యి రూపాయల లోపే.

అగ్నిప్రమాదం, పిడుగు, గాలివాన, వరద, భూకంపం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం వంటివన్నీ ఇందులోకి వస్తాయి. పెద్దచెరువు పొంగినప్పుడల్లా రామయ్యబౌలిలో ఇళ్లలోకి నీళ్లు రావడం చూసినవారికి, 2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు అలంపురం మునగడం గుర్తున్నవారికి వరద కవర్ ఎందుకో చెప్పనక్కరలేదు. కింది అంతస్తు ఇంట్లో మోకాలి లోతు నీళ్లు చేరితే చాలు, వాషింగ్ మెషిన్ మోటారు, ఫ్రిజ్ కంప్రెసర్, ప్లైవుడ్ అల్మారా, పరుపులు అన్నీ ఒకేసారి పోతాయి. ఇంకొక మంచి నిబంధన ఉంది. సామాను విలువను తెలియక కాస్త తక్కువ చేసి రాసినా, ఆ నిష్పత్తిలో క్లెయిమ్‌ను కోయరు. బీమా మొత్తం పరిమితికి లోబడి నష్టాన్ని చెల్లిస్తారు.

అయితే మనవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా భయపడే దొంగతనం దగ్గరే ఈ పాలసీ నిరాశపరుస్తుంది. వరదో అగ్నిప్రమాదమో జరిగిన తరువాత, దాని కారణంగా 7 రోజుల లోపు జరిగిన దొంగతనానికే పరిహారం ఇస్తుంది. సంక్రాంతికి ఊరికి వెళ్లి వచ్చేసరికి తాళం పగిలి ఉంటే మూల పాలసీ ఏమీ చేయదు. అందుకు దొంగతనం కవర్‌ను విడిగా జోడించుకోవాలి, లేదా అది కలిసి ఉన్న గృహ ప్యాకేజీ పాలసీ తీసుకోవాలి. ఈ ముక్క ఏజెంటు తనంతట తాను చెప్పడు.

బంగారం సంగతీ అంతే. నగలు సాధారణ సామాను కింద లెక్కలోకి రావు. విలువైన వస్తువుల కవర్ వేరుగా అడగాలి. వాటి మొత్తం 5 లక్షలు, ఒక్కో వస్తువు 1 లక్ష దాటనంత వరకు విలువ ధ్రువపత్రం అక్కరలేదు గానీ, ఇప్పటి ధరకు రెండు తులాల గొలుసే ఆ లక్షను దాటుతుంది. నగదుకు, బండికి ఈ పాలసీ వర్తించదు. వేసవిలో ఓల్టేజీ పెరిగి టీవీ కాలిపోతే ఆ టీవీకి డబ్బు రాదు. దాని నుంచి మంటలు లేచి పక్కనున్న సోఫా, బట్టలు కాలితే వాటికి వస్తుంది. మన వల్ల ఓనరు ఇంటికి నష్టం జరిగితే అది కూడా ఈ పాలసీ భరించదు.

పాలసీ పత్రంలో రాసిన చిరునామాకే కట్టుబడి ఉంటుంది. 11 నెలల అగ్రిమెంటు ముగిసి వీధి మారిన రోజే కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, మార్పు కాగితం తీసుకోవాలి. పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చని ఆశ పెడతారు, ఇల్లు మారుతుండే మనకు ఒక ఏడాదిది చాలు. బిల్లులను, గది గదికీ తీసిన ఫోటోలను ఫోనులోనే కాకుండా ఊళ్లో ఉన్న అన్నకో అక్కకో కూడా పంపి ఉంచితే నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చినప్పుడు వాదన తగ్గుతుంది. కంపెనీ క్లెయిమ్‌ను అన్యాయంగా తిరస్కరిస్తే, ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు రాసి, ఫలితం లేకపోతే బీమా ఫిర్యాదులను విచారించే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు.

కింది అంతస్తులో సంసారంతో ఉన్నవారు దొంగతనం కవర్ కలిపి దీన్ని తీసుకోవాలనే నా సలహా. ఒక మంచం, ఒక పెట్టెతో గదిలో ఉండి కోచింగ్‌కు వెళ్లే పిల్లలకు మాత్రం అవసరం లేదు.