నాలుగు ఆరామాలు, స్టేషన్ బోర్డులు

పంచారామాలనే అయిదు శివక్షేత్రాలలో అమరావతిని మినహాయిస్తే మిగిలిన నాలుగూ ఉమ్మడి గోదావరి జిల్లాలలోనే ఉన్నాయి. సామర్లకోట, భీమవరం, పాలకొల్లు రైలు దిగి ఆటో ఎక్కితే చాలనిపించే ఊళ్లు; ద్రాక్షారామానికి మాత్రం, కాకినాడ–కోటిపల్లి లైనులో స్టేషన్ ఉన్నప్పటికీ, ఎక్కువమంది బస్సునే నమ్ముకుంటారు. కార్తీకంలో అమ్మనూ పెద్దమ్మనూ తీసుకుని బయలుదేరినప్పుడు మేము కారు మాట్లాడుకోకుండా రైళ్లలోనే తిరిగాము. ఆలయాల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు కనుక, కొత్తగా దిగిన ప్రయాణికుడికి అక్కడి బోర్డులూ ప్రకటనలూ ఎంతవరకు దారి చూపుతున్నాయన్న సంగతే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

కాకినాడ వెళ్లేవారు బండి మారే సామర్లకోటలో ఉదయాన్నే దిగాము. చాళుక్య భీముని పేరు మోస్తున్న భీమేశ్వరాలయం ప్రశాంతంగా ఉంది. రెండంతస్తుల గర్భాలయంలో మెట్లెక్కి దర్శనం చేసుకోవాలి కనుక మోకాళ్ల నొప్పులున్నవారు తొందరపడకూడదు. అక్కడి నుంచి కాకినాడ, రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామానికి ఆర్టీసీ బస్సులో వెళ్లి, సాయంత్రానికి రాజమండ్రి చేరాము. బస్సు నుదుటి మీద ఊరి పేరు పెద్ద తెలుగక్షరాలలో ఉంటుంది; ఎక్కే ముందు కండక్టరును ఒక్క మాట అడిగితే సరిపోతుంది. రైలు విషయంలో అంత సులువు లేదు.

స్టేషన్ ప్రకటనలు తెలుగులో స్పష్టంగానే వినిపిస్తాయి. అయితే ముందుగా రికార్డు చేసి ఉంచిన ముక్కలను అతికించి వినిపించడం వల్ల, అయిదంకెల బండి నంబరు మొదట, ఊళ్ల పేర్లు ఆ తరువాత, మనకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్లాట్‌ఫాం నంబరు చిట్టచివర వస్తాయి. సరిగ్గా ఆ సమయానికి అవతలి లైనులో గూడ్సు బండి వెళ్లిందంటే అంతసేపు చెవులు రిక్కించి విన్నదంతా వృథా అవుతుంది. ఊరి పేరు, ప్లాట్‌ఫాం ముందు చెప్పి, నంబరు తరువాత చెబితే పెద్దవాళ్లకు ఎంతో మేలు.

దారిలో ఒక జంక్షన్‌లో మాకు ఎదురైనది ఇంతకన్నా ఇబ్బందికరమైన పరిస్థితి. మా టికెట్టు ఎస్-5 బోగీకి ఉంది. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీ ఒక్కొక్కదాని పొడవు దాదాపు 24 మీటర్లు. 22 బోగీల బండి అంటే అర కిలోమీటరు పైమాటే. అంత బండి రెండు నిమిషాలు ఆగే చోట, బోగీ ఎక్కడికి వస్తుందో ముందే తెలియకపోతే సామానుతో పరుగెత్తడం తప్పదు. స్తంభాలకు వేలాడుతున్న కోచ్ డిస్‌ప్లేలు కొన్ని వెలగడం లేదు, వెలుగుతున్నవి అంతకుముందు వెళ్లిపోయిన బండి వివరాలే చూపిస్తున్నాయి. పల్లీలు అమ్ముతున్న పెద్దాయనను అడిగితే, "ఎస్ అయిదాండీ? ఆ వేపచెట్టు దాటాక కుళాయి ఉందికదండీ, అక్కడ నిలబడండి, సరిగ్గా అక్కడికే వస్తుందండి" అన్నారు. బండి వచ్చాక చూస్తే తలుపు కుళాయికి నాలుగడుగుల దూరంలో ఉంది. ఆయనకు రోజూ తెలిసే విషయాన్ని ప్లాట్‌ఫాం అంచున రంగుతో రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కరెంటు పోయినా ఆ రాత పోదు. బోగీల వరుస మారిన రోజున మాత్రం ప్రకటన కావాలి.

మరొక చోట బండి వచ్చే ముందు ప్లాట్‌ఫాం మార్చారు. ఏ లైను ఖాళీ అవుతుందో కొన్నిసార్లు చివరిదాకా తేలదని నాకు తెలుసు, మార్చడాన్ని తప్పుపట్టను. కానీ వంతెనకు ఏ చివర లిఫ్టు ఉందో తెలిపే గుర్తు వంతెన ఎక్కాక గానీ కనపడకపోతే, మోకాళ్లు పట్టేసిన మనిషికి దానివల్ల ఒరిగేదేముంది? ఆ గుర్తు కింద, మొదటి మెట్టు దగ్గరే ఉండాలి.

రాజమండ్రిలో బస గురించి కొంత చెప్పాలి. స్టేషన్లలోని రిటైరింగ్ రూములను పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో ముందే తీసుకోవచ్చు. స్నానం చేసి కాసేపు నడుము వాల్చడానికి అవి చాలు. రాత్రంతా ఉండాలంటే, పెద్దవాళ్లున్నప్పుడు కింది అంతస్తులో గది, తెల్లవారుజామున వేడినీళ్లు ఇచ్చే లాడ్జీయే నయమనిపించింది. గోదావరి స్నానానికి వచ్చేవారు తెలుసుకోవలసిన మాట మరొకటుంది: పుష్కర ఘాట్‌కు దగ్గరిది రాజమండ్రి కాదు, వంతెనకు ముందున్న గోదావరి స్టేషన్. చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. 2027 పుష్కరాలకు లక్షల జనం దిగుతారు కనుక, ఘాట్ ఏ వైపు, ఎంత దూరం, ఏ గేటు నుంచి అన్నది రెండు స్టేషన్లలోనూ బొమ్మ గుర్తులతో సహా ఇప్పటి నుంచే పెట్టడం మంచిది.

భీమవరానికి టౌన్, జంక్షన్ అని రెండు స్టేషన్లున్నాయి. బండిలో మా ఎదుటి సీటు కుటుంబం ఎక్కడ దిగాలో తేల్చుకోలేక ఫోన్లు చేస్తూ కూర్చుంది. గునుపూడి సోమారామానికి ఎక్కడ దిగితే వీలో ఎవరినో అడిగే బదులు టికెట్టు మీదో, ముందు స్టేషన్‌లోనో రాసి ఉంటే బాగుండేది. 2023 ఆగస్టు 6న దేశంలో 508 స్టేషన్ల ఆధునికీకరణకు శంకుస్థాపన జరిగినప్పుడు ఆ జాబితాలో భీమవరం టౌన్, నరసాపురం కూడా ఉన్నాయి. కొత్త ముఖద్వారాలతో పాటు ఈ చిన్న రాతలకూ చోటు దొరకాలి.

పాలకొల్లులో బోర్డు అవసరమే రాలేదు; క్షీరారామం గోపురం 120 అడుగుల ఎత్తున తానే దారి చెబుతుంది.

నరసాపురంతో లైను ముగుస్తుంది. అంతర్వేది వెళ్లేవారిలో చాలామంది ఇక్కడ దిగి, రేవుకు చేరి, పంటు (మనుషులనూ బండ్లనూ దాటించే బల్లకట్టు పడవ) మీద గోదావరి పాయ అయిన వశిష్ఠ దాటి సఖినేటిపల్లి వెళ్తారు. చీకటి పడేవేళ దిగిన ప్రయాణికుడికి కావలసింది రేవుకు దారి, చివరి పంటు వేళ, అది దాటిపోతే రోడ్డు మార్గం. ఈ మూడింటినీ స్టేషన్ బయటి ద్వారం పక్కన, ఆటోలు నిలిచే చోట కనపడేలా రాసిపెట్టాలి.