నాలుగేళ్లు వాడాక చెబుతున్నా: కణాలు వదిలే పెరాక్సైడ్‌ను పట్టే సెన్సర్

నాలుగేళ్లుగా నా పని ఇదే. బతికున్న కణాలు వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అప్పటికప్పుడు ఎలక్ట్రోడ్‌తో కొలవడం. కణం ఎప్పుడు ఉలిక్కిపడిందో చెప్పడంలో ఈ సెన్సర్‌కు సాటి ఇంకోటి నాకు కనబడలేదు. ఎంత వదిలిందన్న అంకెను మాత్రం ఇప్పటికీ అనుమానంగానే చూస్తాను.

మొదటి ఏడాది మామూలు ప్లాటినం ఎలక్ట్రోడ్ వాడాను. దాని మీద పెరాక్సైడ్ ఆక్సీకరణ చెందాలంటే, సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో (వోల్టేజీని పోల్చుకునే ఎలక్ట్రోడ్‌తో) చూస్తే, 0.6 నుంచి 0.7 వోల్టులు ఇవ్వాలి. అంత ఇస్తే విటమిన్ సి, యూరిక్ ఆమ్లం కూడా ఊరుకోవు, అవీ ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తాయి. కరెంట్ పెరిగిందని సంబరపడటమే గానీ అది ఎవరి పుణ్యమో తేలదు. అందుకే ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పదార్థం పూసిన కార్బన్ స్ట్రిప్పులకు మారాను. ఇవి సున్నా వోల్టుల దగ్గరే పెరాక్సైడ్‌కు ఎలక్ట్రాన్లు ఇచ్చి క్షయకరణ చేస్తాయి, మిగతా గుంపు గొడవ చాలావరకు తగ్గుతుంది.

దీని జబ్బు దీనికీ ఉంది. ఈ నీలం ఆమ్లంలో హాయిగా ఉంటుంది, కణాలకు కావలసిన పీహెచ్ 7.4లో మెల్లగా కరిగిపోతుంది. పొద్దున కాలిబ్రేషన్‌లో (తెలిసిన మోతాదులు వేసి సరిచూసుకోవడంలో) వచ్చిన స్లోప్, అంటే ఎంత పెరాక్సైడ్‌కు ఎంత కరెంట్ అన్నది, సాయంత్రానికి ఉండదు. ప్రయోగానికి ముందోసారి, తర్వాతోసారి కాలిబ్రేట్ చేస్తాను. రెండింటికీ పొంతన కుదరకపోతే ఆ రోజు డేటా పక్కన పెట్టేయడమే. కాలిబ్రేషన్‌కు వాడే పెరాక్సైడ్‌ను కూడా నమ్మకండి. సీసా మీద 30 శాతం అని ఉన్నా లోపల ఎంత మిగిలిందో 240 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ (ఎంత కాంతిని పీల్చుకుంటుందో) చూసుకోవాలి. పల్చన చేసింది ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి.

నన్ను అసలు ఏడిపించింది సెన్సర్ కాదు, మీడియం, అంటే కణాలను పెంచే పోషక ద్రవం. మూడు నెలలపాటు మాక్రోఫేజ్‌లను (సూక్ష్మక్రిములను మింగే రక్షణ కణాలను) ఎంత రెచ్చగొట్టినా సిగ్నల్ నీరసంగానే వచ్చింది. కణాలు రెండుసార్లు మార్చాను, స్ట్రిప్పుల బ్యాచ్‌ను తిట్టుకున్నాను. చివరికి విసుగొచ్చి, కణాలే లేని మీడియంలో కొలిచిన పెరాక్సైడ్ వేసి చూశాను. కరెంట్ వచ్చింది, నా కళ్ల ముందే కొద్ది నిమిషాల్లో తగ్గిపోయింది. లేబుల్ చదివితే అందులో పైరువేట్ ఉంది. పైరువేట్‌కు పెరాక్సైడ్ దొరికితే చాలు, తినేస్తుంది. అప్పటినుంచి కొలిచేటప్పుడు గ్లూకోజ్ ఉన్న ఉప్పు బఫర్ మాత్రమే. పైరువేట్ లేని మీడియంలోనూ చిక్కుంది: అందులోని రైబోఫ్లావిన్ (విటమిన్ బి2) మీద వెలుతురు పడితే కణాలు లేకుండానే పెరాక్సైడ్ పుడుతుంది. మా గదిలో ఆ సమయానికి లైట్లు ఆర్పేస్తాం.

ఒక రన్ ఎలా సాగుతుందో చెబుతాను. బేస్‌లైన్ (ఏ మందూ వేయకముందు కరెంట్ గీసే గీత) కుదురుకోవడానికి దాదాపు నలభై నిమిషాలు. ఫారడే కేజ్ (బయటి విద్యుత్ అలజడిని ఆపే లోహపు పెట్టె) మూసినా పక్కన ఎవరైనా కుర్చీ జరిపితే గీతలో ముల్లు లేస్తుంది. కణాలను రెచ్చగొట్టే పీఎంఏ మందు డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగి ఉంటుంది కాబట్టి ముందు ఉత్త డీఎంఎస్‌ఓ చుక్క వేస్తాను. గీత ఒక్కసారి ఎగిరి తిరిగి సర్దుకుంటుంది, అది చుక్క తాకిడి మాత్రమే. తర్వాత మందు వేస్తే మళ్లీ అదే ఎగురుడు, కాసేపు నిశ్శబ్దం, ఆపై గీత మెల్లగా కిందికి వంగుతుంది (క్షయకరణ కరెంట్ గనక కిందికే). అప్పుడు పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కెటలేజ్ ఎంజైమ్ వేస్తాను. గీత తిరిగి బేస్‌లైన్ వైపు లేస్తే, నేను చూసింది పెరాక్సైడే. లేవకపోతే ఆ గ్రాఫ్ ఎవరికీ చూపించను.

ఇక "ఎంత" అన్న సంగతి. ఎలక్ట్రోడ్‌ను కణాల పొరకు ఇంకాస్త దగ్గర చేస్తే అంకె మారిపోతుంది. కణాలు తాము వదిలిన దాన్ని తామే కొంత తినేస్తాయి, సెన్సర్ కూడా కొంత తింటుంది. అందుకే ఒకే దూరంలో, ఒకే రోజు, పక్కపక్కన పెట్టి కొలిచిన రెండు డిష్‌లనే పోలుస్తాను. మీడియంలో సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) ఉంటే ప్రోటీన్లు అంటుకుని సెన్సర్ మొద్దుబారుతుంది, అది వేరే తలనొప్పి.

కణాలు వదిలే ఇంకో పదార్థం నైట్రిక్ ఆక్సైడ్. దాని సెన్సర్‌తో నా అనుభవం కొద్దిదే. 1992లో పరిశోధకులు మలిన్‌స్కీ, తాహా పార్ఫిరిన్ అనే పదార్థం పూసిన సన్నని కార్బన్ ఫైబర్‌తో ఒకే కణం నుంచి దాన్ని కొలిచారని చదివి ఉత్సాహపడ్డాను. నైట్రైట్ అడ్డు రాకుండా నాఫియాన్ అనే పాలిమర్ పూత వేసినా అది ఎక్కడో దూరుతూనే ఉంది, నా చేతిలో కుదరలేదు.

పెరాక్సైడ్ తగిలితే మెరిసే డై (రంగు) వాడుకునేవాళ్లు ఇటు రావాలా అంటే, అరగంట తర్వాత మెరుపు చూస్తే చాలనుకుంటే అక్కర్లేదు. మొదటి రెండు నిమిషాల్లో ఏం జరిగిందో కావాలంటే మాత్రం ఇదే. ఒక డబ్బా స్ట్రిప్పులు నేర్చుకోవడానికే పోతాయని లెక్క వేసుకుని, వాటితోపాటే కెటలేజ్ కూడా తెప్పించుకోండి.