పోచంపల్లిలో చీర, పక్కనే వంద ఎకరాల ముచ్చట

అమ్మకు చీర కొందామని నల్గొండ నుంచి భూదాన్ పోచంపల్లికి పోయాను. మొదటి దుకాణంలో ఇక్కత్ అని ప్రింటు చీర అంటగట్టబోయారు. తిరగేస్తే వెనక వెలిసిపోయినట్టుంది, వద్దన్నాను. పక్క సందులో మగ్గమున్న ఇంట్లో అసలుది దొరికింది: రెండు వైపులా ఒకటే రంగు, పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు. "నేయకముందే పోగుకు రంగేస్తం అక్కా, అందుకే అట్లుంటది" అన్నాడాయన. ధర ఎక్కువే, బేరమాడలేదు.

ఊళ్లోనే వినోబా మందిరం, భూదానోద్యమం నడిపిన వినోబా భావే పేరున. 1951 ఏప్రిల్ 18న ఇక్కడి దళితులు ఆయన్ని 80 ఎకరాలు అడిగితే, ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఇస్తానన్నారు. దానాలతో రామరాజ్యం వస్తుందన్న మాటలంటే నాకు నమ్మకం తక్కువ. తర్వాత దేశమంతా దానమిచ్చిన దాంట్లో చాలా భూమి పేదల చేతికి చేరనేలేదు. అయినా పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను.

ఇంటికొచ్చాక అమ్మ ముందు చీర తిరగేసే చూసింది.