ఫిడ్లర్ పీతల కోసం కొన్న చిన్న బైనాక్యులర్స్

పిట్టల కోసం వాడే 10x42 (పది రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. ముందు అద్దాలున్న) బైనాక్యులర్స్ నా దగ్గర ముందే ఉన్నాయి. కానీ మూడు మీటర్లకన్నా దగ్గరున్నదేదీ వాటిలో ఫోకస్ అవదు. తీరంలోని బురదలో బొరియలు చేసుకుని ఉండే, బొటనవేలి గోరంత ఫిడ్లర్ పీతని అంత దూరం నుంచి చూస్తే డెక్క ఊపడం కనిపిస్తుంది, అంతే. అందుకే అర మీటరు దూరంలో కూడా ఫోకస్ అయ్యే 6.5x21 కొన్నాను. ఆరు నెలలుగా వాడుతున్నాను.

మొదటి రోజే ఒక మగ పీత తినడం చూశాను. మగదానికి ఒక డెక్క చిన్నది, ఇంకోటి చాలా పెద్దది. చిన్న డెక్కతో బురద తీసి నోట్లో పెట్టుకుంటుంది, తిండి జల్లించుకుని మిగిలిన మట్టిని చిన్న ఉండ చేసి పక్కన పడేస్తుంది. పెద్ద డెక్క తిండికి అస్సలు పనికిరాదు. ఆడపీతకి రెండూ చిన్నవే కాబట్టి రెండు చేతులా తింటుంది. పక్కపక్కన చూస్తుంటే మగ పీత మీద జాలేసింది. కొన్ని జాతుల్లో ఆ పెద్ద డెక్క బరువు ఒంటి బరువులో సగం దాకా ఉంటుంది. అంత బరువూ ఆడవాటిని పిలవడానికి, తోటి మగవాటితో పోట్లాడటానికే!

డబ్బు గిట్టుబాటైంది మాత్రం ఇంకోచోట. ఒక మగదాని పెద్ద డెక్క లోపలి అంచు నున్నగా, పళ్లు లేకుండా ఉంది. పోట్లాటలో ఊడిపోయిన డెక్క మళ్లీ మొలిచినప్పుడు కొన్ని జాతుల్లో ఇలా సన్నగా, తేలిగ్గా వస్తుంది. అయినా ఊపడం మామూలుగానే ఊపుతోంది. పాత బైనాక్యులర్స్‌లో ఈ తేడా నాకెప్పుడూ దొరకలేదు.

అద్దం ఎంత మంచిదైనా మనం నిలబడితే లాభం లేదు. వాటి కళ్లు కాడల మీద ఉంటాయి, తమకంటే ఎత్తుగా ఏది కదిలినా ప్రమాదమే అనుకుని బొరియల్లోకి దూరిపోతాయి. చాప పరుచుకుని కిందకి వాలి, పది పదిహేను నిమిషాలు కదలకుండా ఉంటే ఒక్కొక్కటే బయటికొస్తాయి. 300 గ్రాములలోపు బరువే కాబట్టి అంతసేపు పట్టుకున్నా చేతులు లాగవు.

లోపాలున్నాయి. నీళ్లు తట్టుకోదు. అద్దాలు చిన్నవి కాబట్టి సాయంత్రం వెలుతురు తగ్గితే మసకే. రెండో నెలలో ఫోకస్ చక్రంలో ఇసుక చేరి కరకరమంది. సర్వీస్ సెంటర్‌కిస్తే మూడు వారాలు ఉంచుకుని అలాగే తిరిగిచ్చారు. చాలా బాధేసింది. ఇప్పుడు జిప్ కవర్లో పెట్టుకెళ్లి, కూర్చున్నాకే బయటికి తీస్తున్నాను.

పిట్టలకైతే కొనకండి. పీతలకైతే కళ్లు మూసుకుని కొనండి, కానీ ఆటు సమయం చూసుకుని వెళ్లండి. పోటు వచ్చేలోగా చాలా పీతలు బొరియ నోటికి బురద బిరడా వేసేసుకుంటాయి.