నదుల గోడపటం: మా తరగతి గదిలో మూడు నెలలు

కడప జిల్లాలో హైస్కూల్ సోషల్ టీచర్‌ని. భారతదేశ నదుల గోడపటం ఆన్‌లైన్‌లో తెప్పించాను. 650 రూపాయలు, లామినేషన్ బాగుంది. సుద్దపొడి పడినా తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

నాకు బాగా నచ్చింది ఉపనదులకు వాడిన రంగులు. గోదావరి ముదురు నీలం, ఉపనదులు లేత నీలం. పెన్‌గంగ వార్ధాలో, వార్ధా వైన్‌గంగలో కలిసి ప్రాణహితగా మారి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే దారి వెనక బెంచీ వాళ్లకీ కనపడుతుంది. మంజీర ఆగ్నేయంగా వచ్చి, తెలంగాణలో ఉత్తరానికి తిరుగుతుంది కదా, ఒక పాప ఆ మలుపు మీద వేలు పెట్టి "నది వెనక్కి పోతోందేంటి సార్?" అంది. ఆ పీరియడ్ అంతా నేల వాలు గురించే చెప్పుకున్నాం. పుస్తకంలోని చిన్న బొమ్మతో ఆ ప్రశ్న ఎన్నేళ్లయినా రాలేదు.

గంగ, బ్రహ్మపుత్ర భాగాలకు వంక పెట్టలేం.

బాధంతా పెన్న దగ్గరే. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు పారే నదికి ఒక్క గీత గీసి వదిలేశారు. చిత్రావతి లేదు, పాపాఘ్ని లేదు, కుందూ, సగిలేరు, చెయ్యేరు ఏవీ లేవు. మా పిల్లలు ముందు వెతికేది వాళ్ల ఊరి ఏరునే. కమలాపురం పిల్లాడు పాపాఘ్ని కనపడక చిన్నబోయాడు. మార్కర్‌తో నేనే గీసి, పేర్లు వాడిచేత రాయించాను.

అయిదుకి నాలుగు. పెన్నను సరిచేస్తే ఇంకోటి కొంటాను.